ఆకాశం నుంచి ఏటా ఓ యూరియా కట్ట

హెక్టారుకు ఏడాదికి 0.07 గ్రాము. కూరలో వేసే చిటికెడు ఉప్పు ఇంతకు నాలుగైదు రెట్లు తూగుతుంది. నెదర్లాండ్స్‌లో ఓ పాడిరైతు కొట్టం పెంచుకోవాలన్నా, ఓ పురపాలక సంఘం కొత్త ఇళ్లు కట్టించాలన్నా, ఆ పనివల్ల చుట్టుపక్కల రక్షిత ప్రకృతి ప్రాంతం మీద పడే నత్రజని ఈ అంకె దాటుతుందా అని ప్రభుత్వ కంప్యూటరు ముందుగా లెక్క కడుతుంది. దాటితే ప్రత్యేక అనుమతి కావాలి. 2019 నుంచి ఆ అనుమతి గగనకుసుమమైంది. ఈ చిటికెడు చుట్టూ రహదారుల మీద గడ్డిమోపులు కాలాయి, ఒక వ్యవసాయ మంత్రి రాజీనామా చేశారు, పుట్టి నాలుగేళ్లు నిండని ఒక పార్టీ దేశంలోని 12 ప్రావిన్సుల్లోనూ మొదటి స్థానం కొట్టేసింది.

అంకె చిన్నదని నవ్వుకోబోయేవాళ్లు రెండో లెక్క కూడా చూడాలి. ఆ దేశంలో గాలి నుంచి నేలకు దిగే నత్రజని సగటున హెక్టారుకు ఏటా సుమారు 20 కిలోలు. మన 45 కిలోల యూరియా కట్టలో ఉండే నత్రజని 20.7 కిలోలు. అంటే ఎవరూ చల్లకుండానే ప్రతి రెండున్నర ఎకరాల మీదా ఏటా ఆకాశం ఓ యూరియా కట్ట కుమ్మరిస్తోంది. వరిచేనైతే సంబరపడేది. ఊదారంగు పూల హీథర్ పొదలు పెరిగే బీడు మాత్రం ఏటా 15 కిలోలకు మించి తట్టుకోదు. వేల ఏళ్లుగా నాచు పేరుకుని ఏర్పడ్డ చిత్తడినేల 7 కిలోలకే చాలంటుంది.

ఒక్కో రైతు వంతు చిటికెడు, అందరి వంతులూ కలిస్తే కట్ట. చిటికెడుకు శిక్ష వేస్తే అన్యాయంగా కనిపిస్తుంది, కట్టను వదిలేస్తే కుదరదు. ఎరువుల మీద, పేడ మీద పర్యావరణ నియమాలు తెచ్చిన ప్రతి దేశమూ ఈ సందులోనే ఇరుక్కుంది. రైతులు ప్రకృతికి శత్రువులని ఒక వర్గం, నియమాలు రైతును భూమి నుంచి తరిమే కుట్రని ఇంకో వర్గం రాస్తూనే ఉన్నాయి. ఈ చరిత్ర చదివితే నాకు కనిపించిన అసలు దోషి వాయిదా. తేలిగ్గా చేయగలిగిన రోజుల్లో చేయని పనిని, చేయక తప్పని రోజున ఒక్కసారిగా రైతు నెత్తిన వేయడం. రైతు కోపంలో సగం నియమం మీదే. మిగతా సగం, నిన్న బ్యాంకు అప్పిచ్చి, ప్రభుత్వం వెన్నుతట్టి చేయించిన పని ఇవాళ నేరమైనందుకు.

ఇందులో రసాయనం మన గొడ్ల చావిడికి బాగా తెలిసినదే. తెల్లారగట్ల తలుపు తీయగానే ముక్కుపుటాలు అదరగొట్టే ఘాటు అమ్మోనియాది. ఆవు మూత్రంలో ఉన్నది యూరియాయే. కట్టలో దొరికేదీ ఆ పదార్థమే. విడిగా ఉన్నంతసేపూ దానివల్ల ఇబ్బంది లేదు. పేడలోని ఒక ఎంజైము తగిలేసరికి అమ్మోనియాగా విడిపోయి గాలికెక్కుతుంది. రెండు పాడి ఆవులున్న ఇంట్లో అది వాసన మాత్రమే. నెదర్లాండ్స్ విస్తీర్ణం తెలంగాణలో 40 శాతం కూడా ఉండదు. అందులో 40 లక్షలకు దగ్గరగా ఆవులు, దూడలు, కోటికి పైగా పందులు, 10 కోట్లకు దగ్గరగా కోళ్లు ఉన్నాయి. అక్కడ అది ఏకంగా వాతావరణమే.

గాలికెక్కిన అమ్మోనియాలో కొంత భాగం దగ్గర్లోనే దిగుతుంది. దిగినచోట నేల బలిసిపోతుంది, పులిసిపోతుంది కూడా. బలిసిన నేలలో గడ్డి, దురదగొండి రకాలు ఏపుగా లేచి, బీదనేలకు అలవాటుపడ్డ అరుదైన మొక్కల్ని కమ్మేస్తాయి. పులిసిన నేల నుంచి సున్నం కొట్టుకుపోతుంది. ఫెల్యూవె అనే అటవీ ప్రాంతంలో పరిశోధకులు చూసిన సంగతి ఇదంతా ఒక్క దెబ్బకు అర్థం చేయిస్తుంది. సున్నం లేక నత్తలు తగ్గాయి. నత్తగుల్లలు దొరక్క పిచ్చుకంత ఉండే గ్రేట్ టిట్ పిట్టలు పలచటి పెంకుల గుడ్లు పెట్టాయి, కొన్ని గూళ్లలో పిల్లల కాళ్ల ఎముకలు విరిగి కనిపించాయి. ఎక్కడి ఆవు మూత్రం, ఎక్కడి పిట్టకాలు! రైతుకు తన కొట్టంలోంచి ఆ పిట్టకాలు కనపడదు. కనపడని దానికి జరిమానా కట్టమంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది.

ఇన్ని పశువులు అక్కడికి ఎలా చేరాయో చెప్పకుండా రైతును తప్పుపట్టడం న్యాయం కాదు. 1944-45 చలికాలంలో జర్మన్ ఆక్రమణలో తిండి అందక 20 వేల మందికి పైగా డచ్ ప్రజలు చనిపోయారు. యుద్ధం ముగిశాక వ్యవసాయ మంత్రి అయిన సిక్కో మాన్స్‌హోల్ట్ స్వయంగా రైతు. ఇక ఆకలన్నది ఉండకూడదన్న పట్టుదలతో చిన్న కమతాల్ని కలిపించాడు, ధరకు హామీ ఇచ్చాడు, యంత్రాల్ని దించాడు. తర్వాత యూరోపియన్ కమిషన్‌లో కూర్చుని ఆ దారినే ఖండమంతా నడిపించాడు. గోదాముల్లో వెన్న కొండలుగా పేరుకుంది. చిన్న రైతులు తప్పుకోవాలన్న ఆయన ప్రణాళిక మీద 1971 మార్చిలో బ్రస్సెల్స్ వీధుల్లోకి లక్షమంది రైతులు వచ్చారు, ఒకరు చనిపోయారు. ట్రాక్టరు యాత్రల్ని కొత్త వింతగా చూసేవాళ్లు ఈ పాత తేదీని గుర్తుంచుకోవాలి. చివరిదశలో మాన్స్‌హోల్ట్ మనసు మారింది, వృద్ధికి హద్దు ఉండాలన్నాడు. అప్పటికి బండి వాలులో ఉంది.

ఆ బండికి ఇంధనం రోటర్‌డామ్ రేవు నుంచి వచ్చింది. బ్రెజిల్, అర్జెంటీనాల సోయా ఓడల్లో దిగి డచ్ పశువుల దాణా అయింది. పాలు, వెన్న, మాంసం ఎగుమతయ్యాయి. పేడ మాత్రం అక్కడే మిగిలింది. ఒక దేశం తన పొలాల్లో పండని మేతతో పశువుల్ని పెంచితే, ఆ పేడను మోయడానికి తన పొలాలు చాలవు. అంకగణితం అంతే. 1991 నాటి యూరోపియన్ నైట్రేట్ చట్టం పశువుల ఎరువు నుంచి హెక్టారుకు 170 కిలోల నత్రజనికి మించి వేయకూడదంది. పచ్చికబీళ్లు ఎక్కువున్నాయని చెప్పి డచ్ ప్రభుత్వం 250 కిలోల దాకా మినహాయింపు తెచ్చుకుంది. ఏళ్ల తరబడి పొడిగించుకుంటూ వచ్చిన ఆ మినహాయింపును దశలవారీగా ముగించాలని 2022లో బ్రస్సెల్స్ తేల్చేసింది.

అసలు ముడి పడింది 2015లో. ఆ ఏప్రిల్ 1న మూడు దశాబ్దాల పాల కోటా రద్దయింది. ఎన్ని పాలైనా పిండుకోవచ్చు. బ్యాంకులు అప్పులిచ్చాయి, రైతులు కొత్త కొట్టాలు కట్టారు. అదే ఏడాది జులై 1న నత్రజని కార్యక్రమం ఒకటి మొదలైంది, డచ్ పొట్టి పేరు పాస్. దాని కిటుకు వింటే మన పల్లె వడ్డీవ్యాపారి కూడా నవ్వుతాడు. భవిష్యత్తులో తీసుకోబోయే చర్యలవల్ల ఫలానా ఏటికి నత్రజని తగ్గుతుంది కాబట్టి, ఆ తగ్గుదలలో కొంత ఇప్పుడే పంచేద్దాం, ఆ లెక్కన కొత్త అనుమతులిద్దాం అన్నారు. రాని పంట మీద ఇచ్చిన అప్పన్నమాట. చిన్న మోతాదు రైతులకు అనుమతి కూడా అక్కర్లేదు, నమోదు చేసుకుంటే చాలన్నారు.

పర్యావరణ కార్యకర్త యోహాన్ ఫొలెన్‌బ్రూక్ సంస్థ వేసిన కేసులో 2018 నవంబరులో యూరోపియన్ న్యాయస్థానం ఈ పద్ధతిని అనుమానించింది. 2019 మే 29న డచ్ కౌన్సిల్ ఆఫ్ స్టేట్ దాన్ని కొట్టేసింది. ప్రకృతికి హాని జరగదని ముందుగా తేలాకే అనుమతి ఇవ్వాలంది. దాదాపు 18,000 నిర్మాణ ప్రాజెక్టులు ఒక్కరోజులో అయోమయంలో పడ్డాయి. ఇళ్లు, రోడ్లు, కొట్టాలు అన్నీ అందులో ఉన్నాయి. ఆ మరుసటి మార్చి నుంచి పగటిపూట రహదారుల మీద వేగాన్ని 100 కిలోమీటర్లకు తగ్గించారంటే ప్రభుత్వం ఎంత గాభరా పడిందో ఊహించవచ్చు. కార్లు వదిలే నత్రజనిని కాస్త కోసి ఇళ్ల నిర్మాణానికి సర్దుదామని ఆ ఆరాటం.

నమోదు చేసుకుంటే చాలని ప్రభుత్వం చెప్తే విన్న రైతుల సంగతేమిటి? సుమారు 2,500 మంది. తీర్పు వచ్చిన మర్నాటి నుంచి వాళ్లు అనుమతి లేని వ్యాపారం చేస్తున్నట్టు లెక్క. తప్పు వాళ్లది కాదని అందరూ ఒప్పుకున్నారు. మంత్రులు ఒప్పుకున్నారు, కోర్టులు ఒప్పుకున్నాయి, ప్రతిపక్షాలూ ఒప్పుకున్నాయి. చట్టబద్ధం చేస్తామని గడువు పెట్టారు, గడువు దాటింది, మళ్లీ పొడిగించారు. బ్యాంకుకు వెళ్తే కొత్త అప్పు పుట్టదు, కొడుకు పేరిట మార్చుదామంటే కాగితం సరిగ్గా లేదంటారు. ఈ మొత్తం గొడవలో నా సానుభూతి ఎక్కడ ఎక్కువ పోతుందని అడిగితే, ప్రభుత్వం కొలువున్న హేగ్ నగరంలో నిరసన మైకు పట్టుకున్నవాళ్ల వైపు కాదు, వీళ్ల వైపు.

2019 సెప్టెంబరులో పాలక కూటమిలోని డి66 పార్టీ ఎంపీ ఒకరు పశుసంపదను సగానికి తగ్గించాలన్నారు. అక్టోబరు 1న వేల ట్రాక్టర్లు హేగ్ చేరాయి. అదే నెలలో కారొలీన్ ఫాన్ డెర్ ప్లాస్ అనే వ్యవసాయ విలేకరి, ఒక వ్యవసాయ ప్రచార సంస్థతో కలిసి, రైతు-పౌర ఉద్యమం అనే అర్థం వచ్చే బీబీబీ పార్టీ పెట్టారు. ఈ పుట్టుక మీద అక్కడి పత్రికల్లో చాలా చర్చ నడిచింది. దాణా, యంత్రాల కంపెనీలకు పశువులు తగ్గకపోవడమే లాభం గనుక, రైతు గొంతులో కంపెనీ గొంతెంత అని. ప్రశ్న సబబే. ప్రచారానికి డబ్బు ఎవరు పెట్టినా, ట్రాక్టరు ఎక్కిన రైతు అప్పు మాత్రం అతని సొంతం.

2021లో చట్టం వచ్చింది. నత్రజనికి తట్టుకోలేని ప్రాంతంలో 74 శాతాన్ని 2035కల్లా ప్రమాదరేఖ దిగువకు తేవాలంది. తర్వాతి కూటమి ఆ గడువును 2030కి లాగి, 2,400 కోట్ల యూరోలకు పైగా నిధి ప్రకటించింది. 2022 జూన్ 10న మంత్రి క్రిస్టియానె ఫాన్ డెర్ వాల్ ఒక పటం విడుదల చేశారు. ఏ ప్రాంతంలో ఎంత తగ్గించాలో అందులో రంగులు వేశారు. ఇక్కడ 12 శాతం, అక్కడ 70, ప్రకృతి ప్రాంతాల అంచున 95. తన ఊరు ఏ రంగులో ఉందో రైతు టీవీలో చూసుకున్నాడు. 95 శాతం తగ్గించడమంటే ఏమిటో, ఎలాగో, డబ్బెవరిస్తారో ఆ పటంలో లేదు. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో ప్రభుత్వం చేసిన అతి తెలివితక్కువ పని ఇదే. మన దగ్గర రింగురోడ్డుకు భూసేకరణ చేసేటప్పుడు పటం ముందొచ్చి మాట తర్వాతొస్తే ఏమవుతుందో తెలిసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ జూన్ 22న స్ట్రూ అనే చిన్న ఊళ్లో దాదాపు 40 వేల మంది చేరారు. సూపర్ మార్కెట్ల గోదాముల ముందు ట్రాక్టర్లు అడ్డంగా నిలిచాయి, రోడ్ల మీద చెత్త, గడ్డి తగలబెట్టారు. దేశమంతా స్తంభాలకు జాతీయజెండాను తలకిందులుగా కట్టారు. మంత్రి ఇంటి ముందుకు కూడా వెళ్లారు. అది హద్దు దాటడమే. జులై 5న పోలీసులు ఒక ట్రాక్టరు మీద కాల్పులు జరిపారు, దాన్ని నడుపుతున్నది 16 ఏళ్ల పిల్లవాడు. అదృష్టం కొద్దీ గాయం కాలేదు. సెప్టెంబరులో వ్యవసాయ మంత్రి హెంక్ స్టాగ్‌హౌవర్ తప్పుకున్నారు.

ఈ అల్లర్ల పొగ పక్కనపెట్టి రైతుల వాదాల్ని తూకం వేయాలి.

మొదటిది: కొలవండి, ఊహించకండి. నత్రజని ఎక్కడెంత పడుతుందన్నది ఎక్కువగా కంప్యూటరు నమూనా చెప్పే లెక్క. ప్రభుత్వమే వేసిన హోర్డైక్ కమిటీ 2020లో చెప్పిన మాట రైతులకు సగం అనుకూలం. దేశం మొత్తానికి ఆ నమూనా పనికొస్తుంది, ఒక్కో చోటి సూక్ష్మమైన లెక్కకు సరిపోదు అని. అయినా అనుమతులు ఆ సూక్ష్మమైన లెక్క మీదే ఆగుతున్నాయి. 0.07 గ్రామును ఏ పరికరమూ పొలంలో కొలవలేదు. ఈ వాదంలో రైతుకు బలముంది. కానీ దీన్ని సాగదీసి, అసలు సమస్యే లేదనడం మోసం. నమూనా ఒక కొట్టం విషయంలో పొరబడవచ్చు, దేశం మీద పడే కట్ట విషయంలో పొరబడలేదు.

రెండోది: మేమే ఎందుకు? విమానాలు, కార్లు, ఫ్యాక్టరీలు లేవా? నేల మీద పడే నత్రజనిలో దాదాపు మూడోవంతు సరిహద్దులు దాటి వస్తుంది. దేశంలోపలిదాంట్లో వ్యవసాయానిదే పెద్ద వాటా, మొత్తంలో 45 శాతం చిల్లర. కనుక రైతును వదిలేసి సమస్య తీరదు. అయితే స్కిపోల్ విమానాశ్రయం ఏళ్ల తరబడి ప్రకృతి అనుమతి లేకుండానే నడిచిందని, చివరికి కొందరు రైతుల కొట్టాల్ని కొని, వాళ్ల నత్రజని వాటాను తన ఖాతాలో వేసుకుని 2023లో అనుమతి పొందిందని తెలిశాక రైతుకు ఇంకేం చెప్పి ఒప్పిస్తారు? ఆవు పోయి విమానం వచ్చింది. చట్టప్రకారం సరైనదే కావచ్చు. ఊళ్లో అది ఎలా వినిపిస్తుందో చట్టం రాసినవాళ్లు ఆలోచించినట్టు లేరు.

మూడోది: మేం లేకపోతే తిండి లేదు. ఇది నినాదంగా బాగుంటుంది, లెక్కకు నిలవదు. ఆ దేశపు పాలు, మాంసంలో అధిక భాగం ఎగుమతికే. దాణాలో చాలా భాగం దిగుమతి. డచ్ పందులు తగ్గినంత మాత్రాన ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎవరూ పస్తుండరు.

నాలుగోది, గట్టిగా చెప్పాల్సినంతగా వాళ్లు చెప్పనిది: ఇప్పటికే చాలా తగ్గించాం. నిజమే. 1990 నుంచి డచ్ అమ్మోనియా విడుదల 60 శాతానికి పైగా తగ్గింది. పేడనీళ్లను పైపైన చల్లడం మానేసి నేలలోకి దించే యంత్రాలు వచ్చాయి, తొట్లకు మూతలు పడ్డాయి. ఆ తర్వాత తగ్గుదల దాదాపు ఆగిపోయింది. అమ్మోనియా తక్కువ వదులుతాయని చెప్పి అమ్మిన ఖరీదైన కొట్టం గచ్చులు కొన్ని చెప్పినంత పని చేయవని తేలింది. లక్షల యూరోలు పోసి అవి వేయించుకున్న రైతు కోర్టు ముందు మళ్లీ మొదటికొచ్చాడు. సులువైనవన్నీ అయిపోయాయి, మిగిలింది పశువుల సంఖ్యే. ఆ మాట ఏ ఎన్నికల్లోనూ ఎవరూ హాయిగా చెప్పలేరు.

2023 మార్చిలో బీబీబీ ప్రావిన్సు ఎన్నికల్ని ఊడ్చేసింది. జూన్‌లో రైతు సంఘంతో ఒప్పందం చర్చలు విరిగిపోయాయి. జులైలో ప్రభుత్వమే కూలింది, వలసల గొడవ మీద. 2024లో బీబీబీ మనిషే వ్యవసాయ మంత్రి అయ్యారు, 2,400 కోట్ల నిధి రద్దయింది. రైతు గెలిచినట్టేనా? 2025 జనవరి 22న గ్రీన్‌పీస్ కేసులో హేగ్ కోర్టు, 2030 చివరికల్లా తట్టుకోలేని ప్రాంతాల్లో సగమైనా రేఖ దిగువకు రావాల్సిందేనని, లేకుంటే ప్రభుత్వం కోటి యూరోలు కట్టాలని చెప్పింది. మొదట చెప్పుకున్న 0.07 గ్రాము హద్దు రసాయన లెక్కలో 0.005 మోల్; దాన్ని 1 మోల్‌కు, అంటే 200 రెట్లకు పెంచుతానని మంత్రిత్వశాఖ అంది. ఇంతలో ఆ ప్రభుత్వమూ పడిపోయింది. గడువు దగ్గరపడింది, డబ్బు పోయింది, అనుమతులు రాలేదు. ఓటుతో గెలిచినవాళ్లు కోర్టులో ఓడుతూ వచ్చారు, ఎందుకంటే గొడవకు మూలమైన యూరోపియన్ ప్రకృతి చట్టం 1992 నుంచీ అలాగే ఉంది. స్వచ్ఛందంగా కొట్టం మూసేసేవాళ్లకు 2023లో వచ్చిన 147 కోట్ల యూరోల పథకం మాత్రం పనిచేసింది. కొందరు తీసుకుని వెళ్లిపోయారు. వాళ్ల సంతకాలకు కెమెరాలు రాలేదు.

డెన్మార్క్ ఇదే పనిని ముందుగా మొదలుపెట్టింది. 1986లో సముద్రంలో ప్రాణవాయువు అడుగంటి చచ్చిన లాబ్‌స్టర్లను జాలర్లు పైకి తీస్తుంటే దేశమంతా టీవీలో చూసింది. పిట్టకాలులా కాదు, ఇది అందరికీ కనిపించిన చావు. మరుసటేడే నత్రజని నష్టాన్ని సగానికి తగ్గించే ప్రణాళిక వచ్చింది. ప్రతి రైతూ ఎరువుల ఖాతా రాయాలి, ఏ పంటకు ఎంతో ప్రభుత్వం నిర్ణయిస్తుంది, ఆ కోటా పంటకు గిట్టుబాటయ్యే మోతాదు కంటే తక్కువ. రైతులు గొణిగారు, గోధుమలో మాంసకృత్తు తగ్గిపోతోందని వాపోయారు. అయినా పాటించారు, మిగులు నత్రజని సగానికి దగ్గరగా తగ్గింది. 2015లో వచ్చిన రైతు అనుకూల ప్రభుత్వం ఆ కోటాల్ని సడలించింది. లెక్కలు పార్లమెంటుకు సరిగ్గా చెప్పలేదన్న ఆరోపణ మీద 2016 ఫిబ్రవరిలో మంత్రి ఎవా క్యెర్ హాన్సెన్ దిగిపోవాల్సి వచ్చింది. గమనించండి, అక్కడ నియమం పెట్టినందుకు కాదు, సడలించినందుకు మంత్రి పదవి పోయింది.

2024 జూన్‌లో డెన్మార్క్‌లో ప్రభుత్వం, రైతు సంఘం, ప్రకృతి పరిరక్షణ సంఘం ఒకే బల్ల చుట్టూ కూర్చుని సంతకాలు చేశాయి. 2030 నుంచి పశువుల వాయువుల మీద పన్ను, 2.5 లక్షల హెక్టార్లలో కొత్త అడవి, 1.4 లక్షల హెక్టార్ల చిత్తడినేలలు సాగు నుంచి వెనక్కి. ట్రాక్టర్లు కొన్ని వచ్చాయి, రగడ అయితే లేదు. సహకార సంఘాల దేశం కాబట్టి అని కొందరంటారు. నేనైతే ముప్ఫై ఏడేళ్ల అలవాటు అంటాను. అక్కడి రైతుకు ఖాతా రాయడం తాత నాటి పని.

జర్మనీ ఆలస్యానికి మరో ముఖం. నైట్రేట్ చట్టం పాటించలేదని 2018లో యూరోపియన్ న్యాయస్థానం తప్పుపట్టాక, భూగర్భజలం చెడిన ప్రాంతాల్ని ఎర్రగా గుర్తించి, అక్కడ పంట అవసరం కంటే 20 శాతం తక్కువ ఎరువు వేయాలన్నారు. ఎర్రగీత ఎక్కడి బావి నీళ్ల మీద ఆధారపడి గీశారన్నది తగాదా. 2019 నవంబరులో వేల ట్రాక్టర్లు బెర్లిన్‌లో దిగాయి, నిరసనగా పొలాల్లో ఆకుపచ్చ శిలువలు వెలిశాయి.

ఇక నియమమే లేని చోటు చూడాలంటే అమెరికాలో అయోవా. అక్కడ పొలాల కింద పూడ్చిన గొట్టాలు వాననీటినీ, దాంతోపాటు నైట్రేట్‌నూ నదిలోకి తోడేస్తాయి. లీటరుకు 10 మిల్లీగ్రాముల నత్రజని దాటితే తాగేందుకు పనికిరాదు, పసిబిడ్డల రక్తంలో ప్రాణవాయువు మోసే శక్తి దెబ్బతింటుంది. డె మొయిన్ నగర నీటిసంస్థ ఖరీదైన యంత్రాలు పెట్టి ఆ నీళ్లు వడకట్టి, విసిగి, 2015లో ఎగువనున్న మూడు కౌంటీల పొలాల డ్రైనేజీ బోర్డుల మీద దావా వేసింది. 2017లో కోర్టు కొట్టేసింది. ఆ నష్టాన్ని సరిదిద్దే అధికారం చట్టప్రకారం ఆ బోర్డులకు లేదంది. రైతు ట్రాక్టరు ఎక్కాల్సిన పనే రాలేదు. 2025 వేసవిలో ఆ నగరంలో పచ్చికకు నీళ్లు పెట్టడం నిషేధించారు, వడకట్టే యంత్రాలు అందుకోలేక. ఖర్చు ఎక్కడికీ పోలేదు, పొలం గట్టు దాటి కుళాయి బిల్లులో చేరింది.

శ్రీలంకను ఈ వరసలో కలపొద్దని నా మనవి. 2021 ఏప్రిల్లో గొటబాయ రాజపక్స రసాయన ఎరువుల దిగుమతిని రాత్రికిరాత్రి ఆపడం, నవంబరుకే వెనక్కి తగ్గడం, వరి, తేయాకు దెబ్బతినడం నిజం. అందులో విదేశీ మారకం కొరత పెద్ద కారణం. ఎరువు ఎక్కువై మునిగిన దేశానికీ, ఎరువు లాక్కున్న దేశానికీ ఒకే నీతి చెప్పడం కుదరదు. కానీ ప్రతి నియమాన్నీ అడ్డుకునేవాళ్లు ముందుగా చూపేది ఆ ఉదాహరణే, మన దేశంలో కూడా.

మన దేశం మాట వచ్చింది కాబట్టి. 2021 జనవరి 26న ఢిల్లీలో ట్రాక్టర్లు చూసినవాళ్లకు హేగ్ ట్రాక్టర్లు సొంతవాళ్లలా కనిపించాయి. పోలిక అక్కడితో సరి. ఢిల్లీ రైతు మద్దతుధర పోతుందని భయపడ్డాడు. డచ్ రైతు తన ఆవుల సంఖ్య మీద చెయ్యిపడుతోందని మండిపడ్డాడు. మన దగ్గర ఎకరాకు ఇంతకు మించి నత్రజని వేయరాదన్న చట్టం లేదు. ఉన్నదల్లా ధర. 45 కిలోల యూరియా కట్ట రైతుకు 266.50 రూపాయలకు వస్తుంది, మిగతాది ఖజానా భరిస్తుంది. 2010లో భాస్వరం, పొటాష్ ఎరువులకు పోషకాల లెక్కన రాయితీ పెట్టినప్పుడు యూరియాను పక్కన ఉంచారు. అందుకే ఏది చవకో అదే పడుతోంది. కేంద్ర భూగర్భజల బోర్డు 2024 నివేదిక ప్రకారం దేశంలో తీసిన నమూనాల్లో దాదాపు 20 శాతంలో నైట్రేట్ హద్దు మించింది. తెలంగాణలో నాలుగోవంతుకు పైగా, ఆంధ్రప్రదేశ్‌లో దానికి కాస్త తక్కువగా. ఎరువు ఒక్కటే కారణం కాదు, ఊళ్ల మురుగు కూడా ఉంది.

2025 వానాకాలంలో తెలంగాణలో యూరియా కోసం రైతులు సహకార సంఘాల ముందు తెల్లవారుజాము నుంచి బారులు తీరారు. నిలబడలేనివాళ్లు చెప్పులు, పాసుపుస్తకాలు వరసలో పెట్టి చెట్టునీడన కూర్చున్నారు. దొరకని ఎరువు గురించి ఎక్కువైందని చెప్పే ధైర్యం ఆ రోజు ఏ అధికారికీ ఉండదు, ఉండాలని కూడా అనలేం. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి నడుస్తున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం ఆ పక్కనే తన దారిన తాను నడుస్తోంది, నిషేధం ఊసెత్తకుండా, ఊరి మహిళా సంఘాల్ని పట్టుకుని.

ఢిల్లీ ఎంచుకున్న ఉపాయాలు మెత్తనివి. 2015లో యూరియా అంతటికీ వేపనూనె పూత తప్పనిసరి చేశారు, నత్రజని నెమ్మదిగా విడుదలై వృథా తగ్గుతుందని. 2018లో 50 కిలోల కట్టను 45 కిలోలు చేశారు. రైతు కిలోల్లో కాక కట్టల్లో లెక్కవేస్తాడు కాబట్టి, ఎకరాకు రెండు కట్టలు వేసేవాడు ఇకనుంచీ రెండే వేస్తాడు, పది కిలోలు తగ్గుతాయి అని ఆలోచన. తెలివైన ఆలోచనే. ఎవరూ ట్రాక్టరు ఎక్కలేదు, ఎవరూ జెండా తిప్పికట్టలేదు. 2017-18లో దేశం వాడిన యూరియా సుమారు 300 లక్షల టన్నులు. 2024-25లో దాదాపు 388 లక్షల టన్నులు.